పప్పు ఉడకని మిద్దె

ఆళ్లగడ్డ,
4 ఆగస్టు 1957

తమ్ముడు జయరాజుకు అక్క జీవమ్మ దీవించి రాసేది.

నువ్వు జాబు రాయక రెండు నెలలాయె. నంద్యాల ఏమన్నా సముద్రం అవతల ఉండాదా? పంతులమ్మనైన నా దగ్గర గూడా కూర్చోకుండా నీ అంతట నువ్వే చదవను రాయను నేర్చుకున్నావని ఊరంతా చెప్పుకుంటా నేను. నేర్చుకున్నది అక్కకు రాయకుండా ఉండటానికని తెలీకపాయె. సరే, తిట్టడానికి కూర్చోలేదు. మీ బావ జారి పడినాడు.

భయపడొద్దు, ప్రాణానికేమీ కాలేదు. బావ కుట్టుమిషను పక్కన పెట్టిన కొలతల టేపును కోతి ఎత్తుకొని మిద్దె మీదికి పోయింది. టేపు లేకుంటే దర్జీ ఏందని ఈయన దాని వెనకే మెట్లెక్కినాడు. ఈ ఏడు వానలు ముందుగా పట్టుకున్నాయి గదా, మన మిద్దంతా పచ్చగా పాచి పట్టి మఖమల్ పరిచినట్టుండాది. మొదటి అడుగు మెట్టు మీద, రెండో అడుగు పాచి మీద, మూడో అడుగు లేదు. ఎడమ మడమ వాచి సొరకాయంత అయింది. మూడు వారాలు ఆ కాలు ఆడించొద్దన్నాడు డాక్టరు. కాలు ఆడకుండా మిషను యాడ నడుస్తాది? పదిహేనో తేదీకి మా బడి ఆడపిల్లలకు పదకొండు తెల్ల జాకెట్లు ఒప్పుకొని ఉండాడు. ఇప్పుడు నేను తొక్కుతాండా, ఆయన గుడ్డ పట్టుకుంటాడు. బడిలో అరవై మంది పిల్లలు పెట్టని అరుపులు ఈయన ఒక్కడు పెడతాండాడు.

ఆ పాచి సంగతి చెప్పు. కిరసనాయిలు పొయ్యమని పక్కింటి సరోజమ్మ అంటాది. ఉప్పు చల్లమని బడి బంట్రోతు అంటాడు. పార తీసుకొని గీకేస్తే సరి అని మీ బావ. నువ్వు నాలుగేండ్లుగా మిద్దెల పనిలోనే ఉండావు గదా. ఏం చేయాల్నో రాయి.

టేపు దొరికింది. మూడో రోజు సరోజమ్మ వాళ్ల యాపచెట్టుకు యాలాడతాండె.

ఇట్లు, మిషను తొక్కి కాళ్లు పీకుతాండే
మీ అక్క

*

నంద్యాల,
9 ఆగస్టు 1957

అక్కకు జయరాజు. బాగుండా. బాగుండనీకుండా చేసే మనిషి ఒకడుండాడు, వాని సంగతి తర్వాత.

ముందు పాచి. కిరసనాయిలు వద్దు. ఉప్పు వద్దు. పార అసలే వద్దు, బావకు నా మాటగా చెప్పు. మన మిద్దె మీద గచ్చు ఉండాది. సున్నం, ఇసుక, కరక్కాయా బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి రుబ్బి పూసిన పొర అది. మిద్దెకు చర్మం అదే. ఇనుము తగిలితే పాచితో పాటు చర్మం గూడా లేస్తాది. ఆ పైన కారుతాది.

ఇప్పుడు ఆ మనిషి సంగతి. మా మేస్త్రీ చెన్నకేశవులు. నాలుగేండ్లుగా నేను సున్నం గంప మోస్తాండా. కర్నూలు నుంచి రాజధాని లేచి హైదరాబాదుకు పోయి ఏడాది కావస్తాండాది, నా నెత్తి మీద గంప మాత్రం కదల్లే. నా వెనక వచ్చినోళ్లు ఇద్దరు తాపీ పట్టుకొని గోడలు పూస్తాండారు. వాళ్లిద్దరూ మేస్త్రీ అక్క కొడుకులు. నేను అడిగేసినా, మొగం మీదనే. నా చేతికి ఏం తక్కువ, తాపీ ఎందుకియ్యవు అని. మేస్త్రీ బీడీ ఆర్పి, నా పక్క చూసి, "నోటికి ఉండే బలం చేతికి ఉందో లేదో నాకు తెలీదప్పా" అన్నాడు.

అప్పుడే నీ జాబు వచ్చింది. చదివి చెప్పినా. మా గుంపులో అక్షరం వచ్చినోణ్ణి నేనొక్కణ్ణే, మేస్త్రీకి వచ్చే కార్డులు గూడా నేనే చదవాల. ఆయన అంతా విని ఒక షరతు పెట్టినాడు. ఆ మిద్దె పాచి నేనొక్కణ్ణే తీయాల. పగుళ్లు నేనే పూయాల. ఒక మంచి వాన దాటాల. ఆ ఇంటోళ్లు మిద్దె ఎట్లుండాదో జాబు రాయాల. ఆ జాబు వింటాడంట. పని బాగుంటే తాపీ ఇస్తాడంట.

కాబట్టి నేను వస్తాండా. 24వ తేదీ శనివారం బస్సుకు. మంగళవారం దాకా ఉంటా. ఈ లోపల మిద్దె మీద ఎవరూ ఏమీ చేయొద్దు. వాన లేకుంటే పాచి ఎండనీ. కరక్కాయలు, బెల్లం, కొబ్బరి పీచు సిద్ధం చేసి పెట్టు. ఇంకొక మాట. నీళ్లు నిలిచే చోటనే పాచి పుడతాది. మిద్దె నీళ్లు బయటికి పొయ్యే తూము ఒకసారి చూడు. దాంట్లో ఏమన్నా అడ్డం పడి ఉంటే అదే రోగానికి మూలం. చూసి రాయి.

నా తాపీ నీ మిద్దె మీద ఉండాది అక్కా. నవ్వొద్దు.

జయరాజు

*

ఆళ్లగడ్డ,
14 ఆగస్టు 1957

కోపిష్టి తమ్మునికి,

నేను నవ్వలేదు. మీ బావ నవ్వినాడు. కోతి పుణ్యాన బామ్మర్ది మేస్త్రీ అయితాండాడు, ఆ కోతికి ఒక జాకెట్టు బాకీ ఉండా అంటాండాడు.

కరక్కాయలు నల్లమల నుంచి వచ్చే చెంచామె దగ్గర తీసుకున్నా. కొబ్బరి పీచు చాలుతాదో లేదో దేవుడెరుగు, దొరికినంత పోగు చేసినా. బెల్లం మాత్రం సగం చీమలు తిన్నాయి. చీమలని బావ చెప్పినాడు. చీమలు మీసం తుడుచుకుంటాయని నాకు ఈ రోజే తెలిసింది.

తూముకేం, బాగానే ఉండాది. చూసినా.

జాకెట్లు పదకొండూ అయిపోయినాయి. రెంటికి చేతులు కొంచెం పొట్టి. జెండా వందనంలో చేతులు కిందనే పెట్టుకోమని ఆ ఇద్దరు పిల్లలకు చెప్పినా.

బస్సు దిగి నేరుగా ఇంటికి రా. దారిలో ఎవరితోనూ జగడం పెట్టుకోవద్దు.

అక్క

*

నంద్యాల,
1 సెప్టెంబరు 1957

అక్కకు, బావకు జయరాజు.

క్షేమంగా చేరినా. సున్నానికి చేతులు పొక్కినాయి, అన్నం కలుపుకుంటే మంట. అయినా సంతోషంగా ఉండా. నాకు ఈ మాట రాసే అలవాటు లేదు, అందుకే ఒక్కసారే రాస్తాండా.

ఎట్ల చేసినానో మేస్త్రీకి అంతా చెప్పినా. ఎండిన పాచి పొరలు పొరలుగా లేస్తే చీపురుతో ఊడ్చింది చెప్పినా. మిగిలింది పీచు పెట్టి, ఇటుక ముక్క పెట్టి, మోకాళ్ల మీద కూర్చొని రుద్దింది చెప్పినా. సున్నం నీళ్లు రెండు మార్లు పట్టించింది, పగుళ్లలో కరక్కాయ గచ్చు కూరి నున్నగా మెత్తింది చెప్పినా. బావ కింద మంచం మీద పడుకొని, కనపడని మిద్దె మీద పనిని మూడు రోజులు నాకు నేర్పించింది గూడా చెప్పినా. మేస్త్రీ ఊ కొడతా విన్నాడు. "తూర్పు మూల?" అని అడిగినాడు. పడమటి నుంచి మొదలుపెట్టినానని చెప్పింటి గదా, యాడైనా ఆఖరున చేసే మూలే చూడాలంట. మంగళవారం సాయంత్రం మబ్బు పట్టింది, తొందరగా ముగించినా అన్నా. ఆయన మళ్లా ఊ అన్నాడు. ఆ ఊ నాకు నచ్చలే.

మీ పక్కవీధి శాంతయ్య దగ్గర నేను అరువుకు తెచ్చిన తాపీ నా బదులు ఇచ్చేసినావా? మరిచిపోవద్దు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. మంచి వాన పడేదాకా ఆగు. పడినంక మూడు లైన్లు రాయి. మిద్దె బాగుండాది, కారలేదు, పాచి లేదు. అంతే. కోతి సంగతి, బావ సంగతి, బడి సంగతి ఆ జాబులో వద్దు. అందరి ముందర చదవాల.

ఇంకొకటి. మొదటి మూడు వానల నీళ్లు పట్టొద్దని చెప్పినా. సున్నం నీళ్లు అవి.

జయరాజు

*

ఆళ్లగడ్డ,
12 సెప్టెంబరు 1957

తమ్ముడు జయరాజుకు,

మొన్న రాత్రి నుంచి నిన్న మధ్యాహ్నం దాకా వాన పడింది. మూడు లైన్లు రాయమన్నావు. నాకు మూడు లైన్లలో రాయడం చేతగాదు, పిల్లలకు గూడా కొట్టివేతలు లేకుండా నిజం రాయమనే చెప్తా.

మిద్దె తెల్లగా, కన్నుల పండగగా ఉండాది. మీ బావ కర్ర పట్టుకొని ఎక్కి దిగినాడు, జారలేదు. ఇది మొదటి మాట.

రెండో మాట. పప్పు ఉడకలేదు. మన బావి ఉప్పు నీళ్లకు కందిపప్పు ఎంత కాసినా పలుకు పలుకుగానే ఉంటాదని నీకు తెలుసు. అందుకే వానాకాలం తూము కింద బాన పెట్టి మిద్దె నీళ్లు పట్టుకుంటాం, ఆ నీళ్లకు పప్పు వెన్న మాదిరి ఉడుకుతాది. మూడు వానలు ఆగమన్నావు. వారంగా బావి నీళ్ల పప్పు తిని మీ బావ నాతో మాట్లాడటం మానుకున్నాడు. ఇంక ఆగలేక పట్టినా. నీళ్లు మజ్జిగ మాదిరి తెల్లగా వచ్చినాయి. తేర్చి పప్పు పెట్టినా. రెండు గంటలు ఉడికినంక గింజ గింజా లెక్కపెట్టొచ్చు. బావి నీళ్లే నయం. ఏం పోసినావప్పా మిద్దె మీద?

మూడో మాట. తూర్పు మూల కారింది. ఎక్కువ కాదు, చుక్క చుక్క. ఇంట్లో ఇంత చోటుండగా సరిగ్గా మిషను మీద. వాన గూడా తన మిషనే తొక్కాలని చూస్తాండాదని బావ అంటాడు.

నాలుగోది, తూము దగ్గర మూరెడు మేర మళ్లా పచ్చగా కనపడతాండాది.

ఈ జాబు మేస్త్రీ ముందర చదువు. చదివి ఆయన ఏమంటాడో రాయి.

అక్క

*

నంద్యాల,
17 సెప్టెంబరు 1957

అక్కకు,

ఏం జాబు అది? మిద్దె ఎట్లుండాదంటే పప్పు ఎట్లుండాదో రాస్తావా? నేను మోకాళ్లు చెక్కుకుపోయేటట్టు రుద్దింది మీ పప్పు కుండ కోసమా? నాలుగేండ్ల గంప ఒక పక్క, గిద్దెడు కందిపప్పు ఒక పక్క. నీకు పప్పే బరువాయె.

తూము దగ్గర పచ్చగా ఎందుకొస్తాది? నీళ్లు నిలవకుండా రాదు. తూము బాగుండాదని నువ్వే రాసినావు. వాలు నేను నీళ్లు పోసి చూసినా, సరిగ్గా ఉండాది. అంటే నీ మిద్దె మీద నీళ్లు వాటంతట అవే నిలబడి ప్రార్థన చేసుకుంటాండాయా?

కారింది అంటావు. బావ కర్ర పట్టుకొని ఎక్కినాడంటివి. ఆ కర్ర మొనతో పొడిచి ఉంటాడు పచ్చి గచ్చును. అది నా తప్పా?

మేస్త్రీ దినామూ అడుగుతాండాడు, మీ అక్క జాబు రాలేదా అని. రాలేదని చెప్పినా. నేను అబద్ధం చెప్పడం అదే మొదలు, నీ వల్ల. గంప మోసేటప్పుడు ఈ మూడు దినాలూ అది ఇంకా బరువుగా ఉండాది.

వేరే జాబు రాయి.

జయరాజు

*

ఆళ్లగడ్డ,
22 సెప్టెంబరు 1957

తమ్మునికి,

నీ జాబు చదివి బావ ఒకటే మాట అన్నాడు, నేను కర్రతో పొడవలేదు, కావాలంటే బైబిలు తే అని. ఆయన అంత గట్టిగా మాట్లాడింది పెండ్లిలో గూడా లేదు. నువ్వు ఆయన్ని అనడం బాగలేదు.

అడిగినావు గాబట్టి దీంతో పాటు వేరే కాగితం పెట్టినా. "మిద్దె అద్దం మాదిరి ఉండాది, చుక్క కారలేదు, పాచి జాడ లేదు, మా తమ్ముడు చేసిన పని చూసి ఊరంతా మెచ్చుకుంటాండారు" అని రాసినా. నా చేతి రాత ముత్యాల్లాగా ఉంటాదని నీకు తెలుసు. అదే చదువుకో. పదిహేనేండ్లుగా పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్తాండా. నీ తాపీ కోసం ఒక కాగితం అబద్ధం ఆడినా. దేవుడు నన్నడిగితే నిన్ను చూపిస్తా.

ఇంక నా తప్పు గూడా రాస్తా, రాయకుంటే ఈ రోజు అన్నం తినబుద్ధి కాదు. తూములో పాత చీర పీలిక కుక్కి ఉండాను. ఈ ఏడు కాదు, మూడేండ్లుగా. ఆకులూ చెత్తా బానలో పడకుండా నీళ్లు వడకడతాయని, ధార సన్నగా వస్తే బాన నిండేలోగా ఇంకొకటి మార్చుకోవచ్చునని. నువ్వు వస్తాండావని తీసి దాచినా. పోయినంక, కొత్త గచ్చుకు ఇంక పాచి పట్టదులే అని మళ్లా పెట్టినా. వెనక నీళ్లు నిలుస్తాయని, దాని వల్లే పాచి అని నాకు తోచలేదు. నువ్వు మొదటి జాబులో అడిగినప్పుడు తోచింది, అప్పటికి చెప్పడానికి సిగ్గయింది. ఆ బెరుకుతోనే తూము బాగుండాదని రాసినా. మీ బావ జారింది కోతి వల్ల గాదు, నా పప్పు వల్ల. ఆయనకింకా చెప్పలేదు.

ఒకటి మాత్రం అడుగుతా. బావ తూర్పు మూల చూసి వచ్చినాడు. గచ్చు మీద వేలెడు పొడుగు గీతలు ఉండాయంట, పక్క పక్కన, నాలుగైదు. పీచు గీతలు గీస్తాదా, జయరాజూ?

అక్క

*

నంద్యాల,
23 సెప్టెంబరు 1957

అక్కా,

నీ జాబు ఇంకా రాలే. రాకముందే ఇది రాయాల. వచ్చినంక రాస్తే నువ్వు అడిగినందుకు చెప్పినట్టయితాది.

తూర్పు మూల పారతో గీకింది నేనే.

మంగళవారం సాయంత్రం ఆ మూల ఒక్కటి మిగిలింది. ఉత్తరాన ఉరుముతాండె. మూలన పాచి తడిగా ఉండె, పీచుకు లేవలేదు. పొద్దున నుంచి రుద్దీ రుద్దీ చేతులు మండుతాండాయి, నాకు పాచి మీద కోపం వచ్చింది. మనిషి మీద వచ్చే కోపం లాంటిదే వచ్చింది. మెట్ల దగ్గర మీ పార ఉండె. నాలుగు గీకులు, అంతే, అంతా వచ్చేసింది. దాంతో పాటు గచ్చు గూడా వచ్చింది. పైన సున్నం పూసి మూసేసినా. తెల్లగా కనపడింది. కనపడితే చాలనుకున్నా.

మేస్త్రీ తూర్పు మూల అని ఎందుకడిగినాడో ఆ రోజు నాకు పూర్తిగా అర్థం గాలే. ఇప్పుడు అయింది. నేను మంగళవారం పొద్దున నుంచి ఏ మూల పని చేసింటానో, ఎంత అలిసింటానో ఆయనకు తెలుసు. ఆయన గూడా ఎప్పుడో గీకింటాడు.

బావను అన్న మాటకు బావ కాళ్లు పట్టుకున్నట్టు చెప్పు. వాచిన కాలు వద్దు, రెండోది.

జయరాజు

*

నంద్యాల,
30 సెప్టెంబరు 1957

అక్కకు, బావకు,

మన జాబులు దారిలో ఒకదాన్ని ఒకటి దాటుకున్నట్టుండాయి. నీ చీర పీలిక సంగతి చదివి రైలుస్టేషను దగ్గర టీ కొట్టులో ఒక్కణ్ణే గట్టిగా నవ్వినా. పిచ్చోడనుకున్నారు. నేను పారా నువ్వు పీలికా దాచుకొని, నేను బావ కర్రనూ నువ్వు కోతినీ తప్పు పట్టినాం.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం సద్ది తిన్నంక, అందరూ గోడ నీడన కూర్చున్నప్పుడు మేస్త్రీ అడిగినాడు. జేబులో రెండూ ఉండాయి, నీ ముత్యాల కాగితం, పన్నెండో తేదీ జాబు. నేను ముత్యాల కాగితమే తీసినా. అబద్ధం ఎందుకు రాయాల, అదే తీసినా. మిద్దె అద్దం మాదిరి అని చదివినా. చుక్క కారలేదు అని చదివినా. ఊరంతా మెచ్చుకుంటాండారు అనే చోటికి రాకముందే మేస్త్రీ చెయ్యి పైకెత్తినాడు.

"పప్పు ఎట్ల ఉడికిందంట?" అన్నాడు.

పప్పు సంగతి ఈయనకెట్ల తెలుసు?

"నలభై ఏండ్లుగా మిద్దెలు తోముతాండా, ఇటు దొర్నిపాడు నుంచి అటు ఉయ్యాలవాడ దాకా. సున్నం సరిగ్గా పట్టించిన ఏ ఇంట్లోనూ మొదటి వానలకు పప్పు ఉడికింది లేదు. నన్ను తిట్టని ఆడమనిషి లేదు. మీ అక్క ఒక్క మాట గూడా తిట్టలేదంటే ఏంది? నువ్వు సున్నమన్నా పెట్టలేదు, అది నిజం జాబన్నా కాదు. అసలుది తీ."

తీసినా. మొత్తం చదివినా. పప్పు గింజలు లెక్కపెట్టొచ్చు అనే దగ్గర మేస్త్రీ తొడ చరుచుకొని నవ్వినాడు, ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. తూర్పు మూల కారింది అనే లైను వచ్చింది. ఆయనకు అక్షరం రాదు. నేను దాటేసి పోతే అడిగేవాళ్లు లేరు. ఆయన అక్క కొడుకులు ఇద్దరూ నా మొగమే చూస్తాండారు. చదివినా. జాబులో లేని పార సంగతి గూడా నోటితో చెప్పినా. జాబు రాలేదని రెండు వారాలుగా అబద్ధం చెప్పింది గూడా చెప్పినా. ఇంక తాపీ లేదనుకొని లేచి గంప ఎత్తుకున్నా.

మేస్త్రీ నా నెత్తి మీద గంప దించినాడు. ఆయన సంచిలో నుంచి పాత తాపీ తీసినాడు, చెక్క పిడి నల్లగా నిగనిగలాడతాది, ఆయన దాన్ని ఎవరికీ తాకనీయడు.

"ఆ మూల నువ్వే చెడగొట్టినావు, నువ్వే పోయి కట్టు. గంపతో కడతావా? ఇది తీసుకొని పో" అన్నాడు.

అక్కా, అది నా అరచేతిలో సరిపోయింది. ఇంకేం రాయను.

శనివారం బస్సుకు వస్తా. తూములో పీలిక తీసెయ్. ఆ గుడ్డ బాన మూతికి కట్టుకోమన్నాడు మేస్త్రీ, వడకట్టినట్టూ అయితాది, నీళ్లూ నిలవవు. ఇంత సులువైంది మనిద్దరికీ తోచలేదు. పార మాత్రం నేను దిగే లోపల సరోజమ్మ ఇంట్లో పెట్టి రా.

తాపీ జయరాజు

*

ఆళ్లగడ్డ,
24 అక్టోబరు 1957

మేస్త్రీ చెన్నకేశవులు గారికి జీవమ్మ నమస్కరించి రాసేది. చదివేది మా తమ్ముడే గాబట్టి, వాడు ఒక్క మాట గూడా మింగకుండా చూసుకునే భారం మీదే.

మా తమ్ముడు తూర్పు మూల విప్పి మళ్లా కట్టినాడు, మిద్దంతటికీ ఇంకొకసారి సున్నం పట్టించినాడు. మబ్బు పట్టినా తొందరపడలేదు, తాటాకులు కప్పి ఒక పూట ఆగినాడు. ఈ వారంలో రెండు దినాలు విడవకుండా వాన పడింది. మిషను మీద చుక్క లేదు. తూము దగ్గర పచ్చన లేదు. మా ఇంటాయన మిద్దె మీద అటూ ఇటూ నడిచి చూపించినాడు, కర్ర లేకుండా. పాత చీర సంగతి ఆయనకు చెప్పేసినా. వాచిన కాలి లెక్క నా పేరున రాసుకున్నాడు.

పప్పు మళ్లా ఉడకలేదు.